గంజితొట్టి కథ

మన తడ మీదుగా మద్రాసుకు పోయే బాట చాలా పాతది. కరువొస్తే ఇల్లూ వాకిలీ విడిచి, పసిబిడ్డల్ని చంకనేసుకుని పట్నం దారి పట్టినవాళ్లకు అక్కడ దిక్కెవరు?

1780లో హైదరాలీ దండెత్తాక పల్లెలు పాడయ్యాయి. 1782 నాటికి కరువు ముదిరింది. అప్పుడు రాయపురం ప్రాంతంలో ఒక మణియగారు, అంటే గ్రామాధికారి, ఆకలిగొన్నవాళ్లకు గంజి పోయించాడు. అదే మణియగారి సత్రం. జనం నోట అది గంజితొట్టి అయింది.

గంజి తాగితే ఆ పూట గడుస్తుంది. మరి రాత్రికి తల దాచుకునేదెక్కడ? జబ్బు చేస్తే చూసేదెవరు? అందుకే సత్రం నీడనిచ్చింది. 1799లో అండర్‌వుడ్ అనే డాక్టరు అక్కడ వైద్యశాల పెట్టాడు. అదే పెరిగి పెరిగి నేటి స్టాన్లీ ఆస్పత్రి అయింది. మనకు దగ్గరివారైన వెంకటగిరి రాజావారి పేరిట కూడా అక్కడే ఒక సత్రం వెలిసింది.

చూశారా, ఒక్క తొట్టెడు గంజి ఎంత దూరం వచ్చిందో! ఒకరు మొదలుపెట్టారు, పదిమంది నిలబెట్టారు. మనం పండుగనాడు పెట్టే పిడికెడు బియ్యం మంచిదే. కానీ అద్దె కట్టలేక సామానుతో సహా వీధిన పడ్డ సంసారానికి అది చాలదు కదా! వీధిలో నాలుగిళ్లవాళ్లం కలిసి నెలనెలా కొంత తీసిపెడితే, ఆ ఇల్లాలికి ఒక గది, పిల్లలకు బడి, ఆమెకు నాలుగు రాళ్లు తెచ్చే పని చూపించగలం. ఆలోచించండి.