చదువూ, పనీ జంటగానే నడవాలి

చదువు లేకనే తండాలు పేదవయ్యాయని చాలామంది అంటారు. మా చరిత్ర చూస్తే ఆ మాట సగమే నిజం. మా తాతముత్తాతలకు బడి లేదు గానీ పని ఉండేది. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని ఊరూరా తిరిగే ఆ వ్యాపారాన్ని మేము లదేణి అన్నాం. రైళ్ళు వచ్చాక దానికి గిరాకీ తగ్గింది. 20వ శతాబ్దం మొదట్లో గోదావరి లోయ రైలు మార్గం నిజామాబాద్ మీదుగా నడవసాగింది. దారి పోయిన మావాళ్ళు అడవి అంచుల్లో, గుట్టల పక్కన తండాలు కట్టుకుని కూలికి దిగారు.

1931 నాటికి మంజీర మీద నిజాంసాగర్ పూర్తయింది. కాలువ నీళ్ళతో చెరుకు పెరిగింది. 1937లో బోధన్ దగ్గర శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. అయితే అక్షరం వచ్చినవాళ్ళకు లోపల కొలువు, రానివాళ్ళకు బయట చెరుకు నరికే కూలి. ఆ కూలి కూడా గానుగ ఆడే నెలల్లోనే. అంటే పని వచ్చినా బడి లేక మేము గేటు బయటే ఉండిపోయాం.

ఈ సంగతిని జాతి పెద్దలు గుర్తించారు. 1953లో మహారాష్ట్రలోని దిగ్రస్‌లో వసంతరావు నాయక్ ముందుండి అఖిల భారత బంజారా సేవా సంఘాన్ని నిలబెట్టారు. పిల్లలను బడికి పంపండి, దుబారా ఖర్చు మానండి అని సంఘం చెప్పింది. నాయక్ 1963లో ముఖ్యమంత్రి అయ్యారు. ఆయన కాలంలోనే, 1972 కరువు రోజుల్లో, అక్కడ ఉపాధి హామీ పనులు సాగాయి. 2005లో దేశమంతటికీ వచ్చిన ఉపాధి హామీ చట్టానికి దారి చూపింది అవే. చదువు గురించి మాట్లాడిన సంఘం మనిషి పని గురించీ ఆలోచించాడు. మేము నేర్చుకోవలసింది ఇక్కడే ఉంది.

తెలంగాణ లంబాడాలకు 1976 చట్టంతో గిరిజన హోదా దక్కింది. హాస్టళ్ళు, సీట్లు, ఉద్యోగాల తలుపులు తెరుచుకున్నాయి. సిరికొండ మండలం పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ గురుకులంలో చదువుతూ 2014లో, పదమూడేళ్ళకే, ఎవరెస్టు ఎక్కింది. అవకాశం దొరికితే తండా బిడ్డ ఎంత ఎత్తుకు పోగలదో లోకం చూసింది.

కానీ ఆ మరుసటి ఏడాది, 2015 డిసెంబరులో, బోధన్ ఫ్యాక్టరీ మూతపడింది. ఒకప్పుడు పని ఉండి బడి లేదు. ఇప్పుడు బడి ఉండి దగ్గర్లో పని లేదు. నందిపేట్, ఆర్మూరు, బోధన్ వైపు పిల్లలు పట్టా చేతబట్టుకుని గల్ఫ్ ఏజెంటు ఇంటికి పోతున్నారు. అప్పు చేసి వీసా కొంటున్నారు.

అందుకే తండా సంఘాల పని పిల్లలను బడిలో చేర్చడంతో అయిపోదు. కుల ధ్రువపత్రం, హాస్టల్ సీటు ఇప్పించినట్టే, పదో తరగతి తరువాత ఐటీఐనా, డిగ్రీనా అని తల్లిదండ్రులతో కూర్చుని మాట్లాడాలి. కొలువు దొరికినవాడు తండాలో మరొకరికి దరఖాస్తు నింపి పెట్టాలి. గల్ఫ్ పోయేవాడి కాగితాలు చదువుకున్నవాళ్ళు ముందే చూడాలి. 2018 చట్టంతో ఎన్నో తండాలు పంచాయతీలయ్యాయి. ఇక ఉపాధి పనుల జాబితా గ్రామసభలో మనమే అడిగి రాయించుకోవాలి. లదేణి కాలంలో బిడారు ఒక్కరిని కూడా వెనక వదిలి కదలలేదు. సంఘం కూడా అలాగే నడవాలని మేము కోరుతున్నాం.