తండ్రి పని కాని పని

అమెరికాలో హైస్కూల్ పిల్లల కోసం వేసవి సెలవుల్లో నడిచే కొన్ని కార్యక్రమాలకి ‘ప్రీ-అప్రెంటిస్‌షిప్’ అని పేరు. ఫ్యాక్టరీలో అప్రెంటిస్‌గా చేరడానికి ముందు ఆ పని ఎలా ఉంటుందో చూసి, కాస్త చేసి, నచ్చిందో లేదో తేల్చుకోవడానికి కొన్ని వారాలు. మైక్రోమీటర్‌తో కొలవడం, డ్రాయింగ్ చదవడం, ఆకురాయి పట్టడం, కళ్ళద్దాలు పెట్టుకోకుండా లేత్ దగ్గరికి వెళ్ళకపోవడం లాంటివి నేర్పుతారు. వీటి చరిత్ర చదువుతున్నప్పుడు నన్ను పట్టుకున్నది ఆ పేరులోని ‘ప్రీ’. అప్రెంటిస్‌షిప్ అంటేనే నేర్చుకునే దశ. మరి దానికి ముందు ఇంకో దశ ఎవరికి అవసరమైంది?

మెషీన్ పని చేసేవాడి కొడుక్కి మాత్రం కాదు. వాడికి పనిముట్ల పేర్లు ఇంట్లోనే వచ్చేస్తాయి. దరఖాస్తు ఎప్పుడు పెట్టాలో, ఎవర్ని కలవాలో నాన్నే చెప్తాడు. మన ఊళ్ళలో కమ్మరి పిల్లాడు కొలిమి దగ్గర తిత్తి ఊదుతూ పెరిగినట్టే. ‘ప్రీ’ అవసరమైంది ఇంట్లో ఆ పని లేనివాళ్ళకి.

చేతిపని బడిలోకి వచ్చిన కథ మాత్రం వేరే చోట మొదలవుతుంది. 1876లో ఫిలడెల్ఫియాలో జరిగిన ప్రపంచ ప్రదర్శనకి మాస్కో సాంకేతిక విద్యాలయం తన విద్యార్థులు చేసిన నమూనాలు పంపింది. దాని అధిపతి విక్టర్ డెల్లా-వాస్ వడ్రంగం, కమ్మరం, లేత్ పని లాంటివాటిని చిన్నచిన్న అభ్యాసాలుగా విడగొట్టి, సులువైన దాన్నించి కష్టమైన దాని వరకూ వరసలో పెట్టాడు. గురువు పక్కన ఏళ్ళ తరబడి నిలబడి నేర్చుకునే పనిని తరగతి గదిలో పాఠంలా చెప్పొచ్చన్నమాట. నాలుగేళ్ళకి సెయింట్ లూయిస్‌లో కాల్విన్ వుడ్‌వర్డ్ చేతిపనుల బడి తెరిచాడు. ఆయన ఉద్దేశం పిల్లల్ని వడ్రంగుల్నో కమ్మరుల్నో చేయడం కాదు. ఎవరైనా సరే, పుస్తకంతో పాటు పనిముట్టు కూడా పట్టి పెరగాలన్నది ఆయన వాదన.

ఆ ‘ఎవరైనా’ అనే మాట ఎక్కువకాలం నిలవలేదు. మసాచుసెట్స్ విద్యా కమిషనర్ డేవిడ్ స్నెడెన్, తత్వవేత్త జాన్ డ్యూయీ 1915లో ‘ది న్యూ రిపబ్లిక్’ పత్రికలో తలపడ్డారు. పరిశ్రమకి కావలసిన పనివాళ్ళని బడి తయారుచేసి ఇవ్వాలని స్నెడెన్ పక్షం. పిల్లల్ని ఉన్న పరిశ్రమకి సరిపోయేలా చెక్కడం కాదు, ఆ పరిశ్రమనే మార్చగలిగేంత తెలివి వాళ్ళకివ్వాలని డ్యూయీ పక్షం. 1917లో వచ్చిన స్మిత్-హ్యూస్ చట్టం వృత్తివిద్యకి కేంద్రం డబ్బిచ్చింది, దాన్ని మామూలు చదువు నుంచి దాదాపుగా వేరుచేసింది కూడా. వాదనలో ఎవరు గెలిచారోగానీ బడ్జెట్‌లో గెలిచింది స్నెడెనే.

అప్రెంటిస్‌షిప్‌లకి ప్రమాణాలు పెట్టే జాతీయ చట్టం 1937లో వచ్చింది. ప్రమాణాలు వచ్చాయి కానీ తలుపులు మాత్రం అలాగే ఉన్నాయి. చాలా యూనియన్లలో సభ్యుల కొడుకులకీ, తమ్ముళ్ళకీ మొదటి చోటు. న్యూయార్క్‌లో రేకు పనివాళ్ళ యూనియన్, లోకల్ 28, నల్లవాళ్ళని బయటే ఉంచిందని 1964లో ఆ రాష్ట్ర మానవ హక్కుల కమిషన్ తేల్చింది. ఇకమీదట అందరికీ ఒకే ప్రవేశ పరీక్ష పెట్టాలని ఆదేశాలొచ్చాయి. పరీక్షంటే మళ్ళీ లెక్కలు, ఆకారాల్ని మనసులో తిప్పి చూడటం. వాటికి ఎవరు తయారుచేస్తారు?

అదే ఏడాది వర్కర్స్ డిఫెన్స్ లీగ్ అనే సంస్థ బ్రూక్లిన్‌లో ఆ పని మొదలుపెట్టింది. నల్ల, ప్యూర్టోరికన్ యువకుల్ని వెతికి పట్టుకోవడం, పరీక్షకి కోచింగ్ ఇవ్వడం, దరఖాస్తు నింపించడం. మన కోచింగ్ సెంటర్ లాంటిదే, కాకపోతే ఐఐటీ కోసం కాదు, రేకు కత్తిరించే పని కోసం. తర్వాతి ఏళ్ళలో దాన్ని నడిపినవాడు ఎర్నెస్ట్ గ్రీన్, 1957లో సైనికుల కాపలా మధ్య లిటిల్ రాక్ సెంట్రల్ హైస్కూల్లో అడుగుపెట్టిన తొమ్మిదిమందిలో ఒకడు. 1966 పరీక్షలో వీళ్ళ విద్యార్థులకి ఎన్ని మార్కులొచ్చాయంటే, ఇందులో ఏదో మోసం ఉందని యూనియన్ ఫలితాల్నే కొట్టేయబోయింది. కోర్టు కుదరదంది. కార్టర్ ప్రభుత్వంలో గ్రీన్ కార్మిక శాఖ సహాయ కార్యదర్శి అయ్యాడు.

ఇది చదువుతుంటే నాకు 1953 నాటి మద్రాసు గుర్తొచ్చింది. రాజాజీ ప్రభుత్వం పల్లెటూరి ప్రాథమిక బడుల్లో చదువు పూటని తగ్గించి, మిగతా సమయంలో పిల్లలు తల్లిదండ్రుల వృత్తి నేర్చుకోవాలని పథకం పెట్టింది. ఆంధ్ర జిల్లాలు అప్పటికింకా ఆ రాష్ట్రంలోనే ఉన్నాయి. బడులు చాలవు, కాబట్టి రెండు షిఫ్టుల్లో ఎక్కువమందికి చదువు చెప్పొచ్చన్నది ప్రభుత్వం చెప్పిన కారణం. చాకలి కొడుకు చాకిరేవుకే వెళ్ళాలా అని పెరియార్ పక్షం లేచింది. దానికి ‘కులవిద్య పథకం’ అని పేరుపడింది. 1954లో కామరాజ్ వచ్చి దాన్ని తీసేశారు.

రెండు చోట్లా మాట ఒకటే, పిల్లలకి చేతిపని నేర్పుదాం అని. దిక్కులు మాత్రం ఎదురెదురు. మద్రాసు పథకం పిల్లాణ్ణి తండ్రి పనికే తిరిగి పంపింది. బ్రూక్లిన్ కోచింగ్ తండ్రిని రానివ్వని పనిలోకి కొడుకుని తీసుకెళ్ళింది. మనలో చాలామందికి ‘వృత్తివిద్య’ అనగానే కలిగే అనుమానం ఊరికే వచ్చింది కాదు. నేను చదువుకునే రోజుల్లో ఐటీఐ అనే మాట పదిలో మార్కులు తగ్గినవాళ్ళ దగ్గరే వినిపించేది, అదీ బెదిరింపులా. అయితే ఆ అనుమానం పనిముట్టు మీద కాకుండా దిక్కు మీద ఉండాలనిపిస్తుంది నాకు.

ఇప్పటి వేసవి కార్యక్రమాల్ని చూసేటప్పుడు కూడా అదే చూడాలి. నార్త్ కరోలినాలోని షార్లెట్ దగ్గర ఆస్ట్రియా కంపెనీ బ్లూమ్, స్విట్జర్లాండ్ కంపెనీ డేట్‌వైలర్ కలిసి 1995లో ‘అప్రెంటిస్‌షిప్ 2000’ మొదలుపెట్టాయి. హైస్కూల్లో ఉండగానే పిల్లల్ని ఎంచుకుంటారు. నాలుగేళ్ళు పని నేర్పుతూ జీతమిస్తారు, కమ్యూనిటీ కాలేజీ ఫీజు కంపెనీలే కడతాయి, చివర్లో డిగ్రీ చేతికొస్తుంది. అలాంటి చోట ముందు గడిపే వేసవి నిజంగా ఒక మెట్టు.

కానీ మెట్టు లేని వేసవులూ ఉండొచ్చు. 1938 నాటి కార్మిక చట్టం ప్రకారం 16 నిండనివాళ్ళు ఫ్యాక్టరీ ఉత్పత్తిలో పనిచేయకూడదు, 18 నిండేదాకా ప్రమాదకరమైన యంత్రాల మీద చెయ్యి వేయడానికి పరిమితులున్నాయి. అందుకే చిన్నవాళ్ళకి కాలేజీ ల్యాబూ, ఫ్యాక్టరీ సందర్శనా మిగులుతాయి. మంచిదే. కానీ సెలవులయ్యాక ఒక టీషర్టు, ఒక సర్టిఫికెట్ ఇచ్చి పంపేస్తే అది మెట్టు కాదు, విహారయాత్ర. కార్మిక శాఖ కూడా 2012లో మంచి ప్రీ-అప్రెంటిస్‌షిప్ లక్షణాలు చెప్తూ, దానికి అసలైన అప్రెంటిస్‌షిప్‌తో లంకె ఉండాలంది.

ఇక్కడా బడుల్లో వృత్తి పరిచయం గురించి 2020 జాతీయ విద్యావిధానం మాట్లాడింది. 6 నుంచి 8వ తరగతి పిల్లలు ఒక పది రోజులు పుస్తకాల సంచీ లేకుండా వడ్రంగులూ, తోటమాలులూ, కుమ్మరుల దగ్గర నేర్చుకోవాలంది. వినడానికి వుడ్‌వర్డ్ మాటలా ఉంది. ఆ పది రోజుల్లో డాక్టరు గారమ్మాయి కుమ్మరి సారె దగ్గర కూర్చుంటుందా అని అడుగుతాం, బాగుంటుంది కూడా. దానికన్నా ముందు అడగాల్సింది, కుమ్మరి గారబ్బాయిని ఆ పది రోజులు ఎక్కడికి పంపుతున్నారని.