పేరు పెట్టిన విమర్శకుఁడు

లక్ష్యము ముందు, లక్షణము పిమ్మట అని మా గురువులు చెప్పెడివారు. కావ్యములు పుట్టిన తరువాతనే లాక్షణికులు వానికిఁ బేరులు పెట్టిరి. పాశ్చాత్యుల నాట్యశాలలలో మ్రోగెడి పాటల కథయు నిట్టిదే.

ఇంగ్లండులో 1990లో లెఫ్ట్‌ఫీల్డ్ అనువారు ‘నాట్ ఫర్‌గాటెన్’ అను పాటను వెలువరించిరి. చికాగో నగరమునఁ బుట్టిన హౌస్ సంగీతపుఁ దాళమే దాని కాధారము. కాని తొందర లేదు, ఒక్కొక్క నాదమే వచ్చి పేరుకొనుచుండును. ఆ తీరు పాటలు మఱికొన్ని వచ్చెను. ఒకరి పాటను వేఱొకరు విడఁదీసి, నాట్యమునకుఁ దగినట్లు సాగఁదీసి మరలఁ గూర్చుటయుఁ గలదు. దానిని రీమిక్స్ అందురు. మన వ్యాఖ్యాతలు మాత్రము మూలమును విడిచి దూరము పోలేదా!

1992లో మిక్స్‌మాగ్ పత్రికలో డామ్ ఫిలిప్స్ అను విమర్శకుఁడు వీనికి ‘ప్రోగ్రెసివ్ హౌస్’ అని పేరిడెను. ప్రోగ్రెసివ్ అనఁగా ముందునకు సాగునది. బిగువును రాగమును ఆలోచనయు వీనిలోఁ గలిసియున్నవని యాతని తీర్పు. తరువాత కొందఱు ఈ పేరునే పట్టుకొని, ఇది వట్టి యాడంబరమని యెగతాళి చేసిరి. గొప్ప పేరు పెట్టిన బిడ్డకు నలుగురి కన్నును తగులును గదా!

ఫిలిప్స్ ఆ పత్రికకు సంపాదకుఁడై, 2007లో బ్రెజిలునకుఁ బోయెను. అచట అమెజాన్ అడవులను, ఆదివాసులను గూర్చి వ్రాయుచు, 2022 జూను 5వ తేదిని జవారీ లోయప్రాంతమున బ్రూనో పెరేరాతోఁ గూడ హతుఁడయ్యెను. సగములో నిలిచిన యాతని గ్రంథమును తోడి పత్రికారచయితలు పూర్తిచేయఁగా 2025లో వెలువడెను.

నా మనుమఁడా పాటలను దినమును వినును. పేరు పెట్టినవాని సంగతి నేను చెప్పువఱకు వానికిఁ దెలియదు.