వాకిట్లోకి వచ్చిన బడి

అంగన్‌వాడీ అనే మాట సర్కారు ఆఫీసులో పుట్టిందని చాలామంది అనుకుంటారు. కాదు. 1945లో, ఇప్పటి మహారాష్ట్రలోని బోర్డీ ఊళ్లో తారాబాయి మోడక్, అనుతాయి వాఘ్ పసిపిల్లల బడి పెట్టారు. ఆదివాసీ, దళిత పిల్లలు బడికి రాలేకపోయారు. పెద్దలు కూలికి పోతే చంటిబిడ్డను ఎత్తుకునేది వాళ్లే కదా! అందుకని టీచర్లే వాడలకు వెళ్లి వాకిట్లో ఆటపాటలు మొదలుపెట్టారు. అంగన్ అంటే వాకిలి. 1975 అక్టోబరు 2న కేంద్రం 33 ప్రాజెక్టులతో ఐసీడీఎస్ ప్రారంభించింది. ఆ కేంద్రాలకు ఇదే పేరు నిలిచింది.

2005లో ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం మొదలైంది. దానికీ మావోయిస్టులకూ మధ్య నలిగిన గొత్తికోయలు పారిపోయి వచ్చి, అప్పటి ఖమ్మం జిల్లా అడవుల్లో గుడిసెలు వేసుకున్నారు. ఆ గుడిసెలనూ అటవీశాఖ పీకించిన సందర్భాలున్నాయి. అక్కడ ఎస్టీలే, ఇక్కడ ఆ పత్రం రాదు. పెద్దల సంగతి అలా ఉంచండి, గుడ్డు తిని పాట నేర్చుకోవడానికి నాలుగేళ్ల పిల్లకు పత్రమెందుకు?

ఆరేళ్లలోపు పిల్లలు 40 మంది ఉండి కేంద్రం లేని వాడ అడిగితే, మూడు నెలల్లో అంగన్‌వాడీ పెట్టాలని సుప్రీంకోర్టు 2006 డిసెంబరు 13న ఆదేశించింది. అడవిలో చెదిరిన పది గుడిసెలకు ఆ లెక్క ఎలా తేలుతుంది? కేంద్రం ఉన్నా, ఇంట్లో కోయ మాట తప్ప వినని పిల్లకు తెలుగు పాట ఏం అర్థమవుతుంది? ఆ భాష తెలిసిన ఆయా ఒక్కరుంటే పిల్ల ఏడుపు మానుతుంది.

ఇదంతా కాణిపాకంలో కూర్చుని ఎందుకు రాస్తున్నానంటే, ఇటుక బట్టీలకు పోయే మన యానాదుల పిల్లలదీ ఇదే తంతు. బట్టీ కాలమంతా పేరు ఒక ఊరి రిజిస్టరులో, పిల్ల ఇంకో ఊళ్లో.