ఒక్క మరణశిక్షకి ఎనిమిది ప్రాణాలా?

శిక్ష పడుతుందంటే జనం నిజంగా భయపడతారా? ఈ ప్రశ్నని నీతిశాస్త్రం నుంచి లాక్కొచ్చి లెక్కల్లో కూర్చోబెట్టిన పెద్దమనిషి గేరీ బెకర్. కొలంబియా యూనివర్సిటీలో ఓ విద్యార్థికి మౌఖిక పరీక్ష పెట్టాలి, ఆలస్యమైపోతోంది. కారు డబ్బులిచ్చి పెడదామా, రూలు తప్పి రోడ్డు మీదే వదిలేద్దామా అని లెక్కేసుకున్నాడట. దొరికే అవకాశం ఎంత, దొరికితే జరిమానా ఎంత, అంతే. రోడ్డు మీదే పెట్టాడు, జరిమానా పడలేదు :) 1968లో ఆయన రాసిన వ్యాసం సారమూ ఇదే. నేరం చేసేవాడూ లాభనష్టాలు బేరీజు వేసుకుంటాడని.

పార్కింగు వరకూ బానే ఉంది. ఆయన శిష్యుడు ఐజాక్ ఎర్లిక్ 1975లో దీన్ని మరణశిక్ష దాకా తీసుకెళ్ళాడు. 1933-69 మధ్య అమెరికా గణాంకాల మీద రిగ్రెషన్ నడిపి, ఏటా అదనంగా అమలైన ఒక్కో మరణశిక్షకి సగటున ఏడెనిమిది హత్యలు తగ్గి ఉండొచ్చన్నాడు. 1967 తర్వాత అక్కడ ఒక్క మరణశిక్షా అమలు కాలేదు. అలాంటి సమయంలో ప్రభుత్వం తరఫున రాబర్ట్ బోర్క్ ఈ లెక్కని సుప్రీంకోర్టు ముందు పెట్టాడు.

ఇక అసలు కథ. బోవర్స్, పియర్స్ అనే ఇద్దరు అదే ఏడాది ఈ లెక్కని తిరగేశారు. 1962 తర్వాతి ఏళ్ళు తీసేస్తే ప్రభావం మాయం! అంటే బరువంతా చివరి ఆరేడేళ్ళ మీదే ఉంది. ఆ ఏళ్ళలో మరణశిక్షలు తగ్గాయి, హత్యలు పెరిగాయి, నిజమే. కానీ దొంగతనాలూ దోపిడీలూ కూడా అప్పుడే పెరిగాయి. వాటికీ కరెంటు కుర్చీకీ ఏంటండీ సంబంధం?

పైగా ఆయన వాడింది లాగరిథమ్స్. లాగ్‌లో రెండొందలు వందకి తగ్గినా, రెండు ఒకటికి తగ్గినా ఒకటే మార్పు. 1935లో 199 మందికి శిక్ష అమలైతే 1966లో ఒక్కడికే. ఆ చివరి చిల్లర అంకెలు మొత్తం గీతని లాగేశాయన్నమాట. కోడ్ రాసేవాడికి వెంటనే డౌటొస్తుంది, మరి సున్నా అయితే? 1968, 69ల్లో సున్నాయే. సున్నాకి లాగ్ లేదు కాబట్టి అక్కడ ఒకటి అని వేసుకున్నాడు. ప్రోగ్రాం క్రాష్ కాకుండా మనమూ ఇలాంటివి చేస్తుంటాం, కానీ మన అవుట్‌పుట్ పట్టుకుని ఎవరూ మనుషుల్ని చంపరు.

1976లో సుప్రీంకోర్టు ఈ గణాంకాలతో ఏదీ తేలలేదంటూనే మరణశిక్ష చెల్లుతుందంది. 1977 జనవరిలో యూటాలో గేరీ గిల్‌మోర్‌ని కాల్చి చంపారు. అప్పీళ్ళు వద్దు, నన్ను చంపెయ్యండి అని పట్టుబట్టిన మనిషి! అలాంటివాణ్ణి బెకర్ సమీకరణంలో ఎక్కడ పెట్టాలో నాకైతే తెలీదు. 2012లో అమెరికా నేషనల్ రిసెర్చ్ కౌన్సిల్ మూడు దశాబ్దాల పైచిలుకు అధ్యయనాలన్నీ చూసి, మరణశిక్ష హత్యల్ని తగ్గిస్తుందో, పెంచుతుందో, అసలేమీ చెయ్యదో వీటితో చెప్పలేమనీ, వీటిని చూసి విధానాలు నిర్ణయించొద్దనీ తేల్చింది.