గురి వెనుక తూకం: మూసా బురుజు నుంచి గచ్చిబౌలి దాకా

పాతబస్తీ చరిత్ర రాయమంటే చార్మినార్‌తోనో, మక్కా మసీదుతోనో, లాడ్‌బజారు గాజులతోనో మొదలుపెట్టడం మనకు అలవాటు. ఈ స్వర్ణోత్సవ సంచికలో వాటి గురించి నాకంటే బాగా తెలిసిన మిత్రులు రాస్తారు. నేను ఎంచుకున్నది కాస్త పక్కదారి. తుపాకీ గురి తప్పకుండా ఉండాలంటే అందులో పోసే మందు, పెట్టే గుండు ఎలా ఉండాలి? ఈ ప్రశ్నకు మన నగరంలో మూడున్నర శతాబ్దాలు దాటిన చరిత్ర ఉంది. యుద్ధంతో మొదలై ఒలింపిక్ పతకం దాకా వచ్చిన కథ ఇది. గురికి కన్ను, వేలు ఎంత అవసరమో తూకం, కొలత కూడా అంతే అవసరం. ఆ తూకం ఎవరి చేతిలో ఉందో వాళ్లవైపే చాలాసార్లు చరిత్ర మొగ్గింది.

మూసా బురుజు సాక్ష్యం

గోల్కొండ కోట బురుజుల్లో మూసా బురుజుది ఒక ప్రత్యేకత. 1656లో మొఘల్ సేనలు గోల్కొండను ముట్టడించినప్పుడు, ఆ చోటు నుంచి వెళ్లిన ఫిరంగి గుండు తగిలి మీర్ మీరాన్ అనే మొఘల్ సేనాని చనిపోయినట్టు అక్కడి శాసనం చెబుతుంది. తర్వాత అబ్దుల్లా కుతుబ్‌షా కాలంలో మూసా ఖాన్ ఆధ్వర్యంలో ఈ బురుజును కట్టారు. పార్శీతో పాటు తెలుగులో కూడా శాసనం ఉండటం, కట్టిన స్థపతి ధర్మాచారి పేరు నిలిచిపోవడం మనకు ముచ్చట గొలిపే విషయాలు. ఒక్క గుండు గురిగా తగిలిన సంగతిని రాతి మీద చెక్కించి పెట్టుకున్నారంటే, ఆ రోజుల్లో గురి కుదరడం ఎంత అరుదో ఊహించుకోవచ్చు.

అరుదు కావడానికి కారణాలున్నాయి. అప్పటి తుపాకీ గానీ ఫిరంగి గానీ మూతి వైపు నుంచి నింపేవే. ముందు మందు పోయాలి, తర్వాత గుండు వెయ్యాలి, కడ్డీతో దట్టించాలి, ఆపైన వత్తి అంటించాలి. మందు అంటే పెట్లుప్పు, గంధకం, బొగ్గు కలిపి నూరిన పొడి. వానాకాలం గాలికి చెమ్మగిల్లితే దాని బలం తగ్గుతుంది. నూరుడు ఒక పూట మెత్తగా, ఒక పూట గరుకుగా ఉంటే మండే తీరు మారిపోతుంది. గుండు గొట్టం కంటే కాస్త చిన్నగా ఉంటేనే లోపలికి దిగుతుంది. ఆ సందు ఎక్కువైతే మండిన వాయువు పక్కనుంచి జారిపోయి, గుండు గోడలకు తగులుతూ బయటపడుతుంది. ఏ గోడకు చివరగా తగిలిందో దాన్నిబట్టి అది పోయే దారి.

అందుకే అనుభవం ఉన్న తుపాకీవాడు మందును కొలపాత్రతో కొలిచేవాడు. సీసం కరిగించి, తన తుపాకీకి తగిన అచ్చులో గుళ్లు తానే పోసుకునేవాడు. ఈనాడు విదేశాల్లో లక్ష్యపు పోటీల షూటర్లు ఇంట్లో తూటాలు తామే నింపుకోవడాన్ని ఒక ప్రత్యేక విద్యగా చెప్పుకుంటున్నారు. నిజానికి ఆ కాలంలో తుపాకీ పట్టిన ప్రతివాడిదీ ఆ విద్యే.

ఈ మందుకు ముడిసరుకు మన నేలలోనే దొరికేది. కోరమాండల్ తీరం నుంచి ఓడలకెక్కిన సరుకుల్లో పెట్లుప్పు ఒకటి. మచిలీపట్నంలో వ్యాపారం చేసిన డచ్చివారికి తీరం కింద పులికాట్‌లో సొంతంగా మందు తయారుచేసే కార్ఖానా కూడా ఉండేది. బట్టలూ వజ్రాలూ కొనడానికి వచ్చినవారు పెట్లుప్పునూ వదల్లేదు.

తోప్ కా సాంచా

1687లో గోల్కొండ పడిపోయింది. ఎనిమిది నెలల ముట్టడిలో ఔరంగజేబు ఫిరంగులు తేల్చలేని సంగతిని చివరికి లోపలివాడి ద్రోహం తేల్చిందన్నది మనం ఏడో తరగతిలోనే విన్న కథ. శతాబ్దం తర్వాత, రెండో నిజాం అలీఖాన్ కాలంలో, ఆయుధ విద్యలో మరో అధ్యాయం మొదలైంది. దాని నాయకుడు ఫ్రాన్స్ నుంచి వచ్చిన మిషెల్ రేమండ్. 1755లో పుట్టిన ఈయన నిజాం కొలువులో చేరి, వేలమంది సిపాయిలకు యూరప్ పద్ధతిలో కవాతు నేర్పాడు. ఫతే మైదాన్ దగ్గర 1786లో ఫిరంగులు పోతపోసే కార్ఖానా పెట్టించాడు. జనం దాన్ని ‘తోప్ కా సాంచా’ అన్నారు. ఫిరంగి అచ్చు అని దాని అర్థం. ఇవాళ మనం బస్సు దిగి గన్‌ఫౌండ్రీ అని చెప్పుకునే పేటకు ఆ పేరు అలా వచ్చిందే.

సైన్యానికంతా ఒకే కొలత ఉండాలన్న ఆలోచన అప్పటికి ఫ్రాన్స్‌లో బలంగా నాటుకుంది. గ్రిబోవాల్ అనే సేనాని అక్కడి ఫిరంగులకు, గుళ్లకు కచ్చితమైన కొలతలు నిర్ణయించి, గుండుకూ గొట్టానికీ మధ్య సందును తగ్గించాడు. రేమండ్ ఆ తరం ఫ్రాన్స్ మనిషి. ఎవరి తుపాకీకి వారు గుళ్లు పోసుకునే రోజులు పోయి, కార్ఖానాయే కొలత నిర్ణయించే రోజులు వస్తున్నాయి.

రేమండ్ 1798 మార్చిలో చనిపోయాడు. అదే ఏడాది సెప్టెంబరులో నిజాం ఇంగ్లీషువారితో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాడు. అక్టోబరు 22న ఫ్రెంచి దళాన్ని చుట్టుముట్టి ఆయుధాలు దింపించారు. అప్పటి రెసిడెంటు కోఠీ రెసిడెన్సీ కట్టించిన కిర్క్‌పాట్రిక్. పద్నాలుగు వేల మందికి చేరువైన ఆ సైన్యం దాదాపు రక్తపాతం లేకుండానే కరిగిపోయింది. ఆ తర్వాత రాజ్యం రక్షణ ఇంగ్లీషువారి సేనల మీద ఆధారపడింది. కత్తి తిప్పే రాజుకు కమ్మరి సొంతవాడు కాకపోతే ఏమవుతుందో ఆ ఒక్క రోజు చూపించింది.

హిందువులు మూసారామ్ అని, ముస్లిములు మూసా రహీమ్ అని రేమండ్‌ను తమవాణ్ణి చేసుకున్నారు. మూసారాంబాగ్‌కు ఆ పేరు ఆయన వల్లే వచ్చింది. మలక్‌పేట దాటాక గుట్ట మీద నల్లరాతి స్తంభంతో ఆయన సమాధి ఉంది.

కడలూరులో కన్నుమూసిన లెక్కలవాడు

కొలత ఎందుకు ముఖ్యమో శాస్త్రంగా చెప్పిన మనిషి కూడా మన దక్షిణాదిలోనే మట్టిలో కలిశాడు. ఆయన బెంజమిన్ రాబిన్స్, ఇంగ్లండు గణితవేత్త. 1742లో అచ్చయిన తన పుస్తకంలో తుపాకీ గుండు వేగాన్ని కొలిచే ఉపాయం చెప్పాడు. బరువైన చెక్క దిమ్మెను లోలకంలా వేలాడదీసి, దాన్ని గుండుతో కొట్టించాలి. దిమ్మె ఎంత దూరం ఊగిందో చూస్తే గుండు వేగం లెక్కకు వస్తుంది. ఆ కొలతతో గాలి గుండును ఎంత గట్టిగా ఆపుతుందో తొలిసారి బయటపడింది. గొట్టం లోపల మరచుట్టులా తిరిగే గాడులు చెక్కితే గుండు బొంగరంలా తిరుగుతూ దారి తప్పకుండా పోతుందని, ఆ విద్య ముందు నేర్చిన దేశానిదే పైచేయి అవుతుందని కూడా ఆయన వాదించాడు. ఈస్టిండియా కంపెనీ కోటలను సరిచేయడానికి మన దేశానికి వచ్చి, 1751లో కడలూరు దగ్గరి సెయింట్ డేవిడ్ కోటలో కన్నుమూశాడు.

ఆయన మాట నిజమవడానికి వందేళ్లు పట్టింది. 1859లో ఇంగ్లండులో జాతీయ రైఫిల్ సంఘం మొదలై, 1860లో వింబుల్డన్ మైదానంలో తొలి పోటీలు జరిగాయి. అంతకుముందు యుద్ధానికే పనికొచ్చిన విద్య ఆటగా మారింది. 1874లో న్యూయార్క్ దగ్గర క్రీడ్‌మూర్‌లో ఐర్లండుకూ అమెరికాకూ 800, 900, 1000 గజాల దూరంలో పోటీ జరిగింది. ఐరిష్‌వారు మూతి నుంచి నింపే రైఫిళ్లు వాడారు, అమెరికావారు వెనుకనుంచి తూటా పెట్టేవి. అమెరికా 934–931 పాయింట్లతో గెలిచింది. ఐరిష్ షూటర్ ఒకరు పొరపాటున పక్కవారి లక్ష్యాన్ని నడిబొడ్డున కొట్టడంతో ఆ పాయింట్లు లెక్కకు రాలేదు. లేకపోతే ఫలితం తారుమారయ్యేది. ఎంత తూచి నింపినా ఎటు చూస్తున్నామో చూసుకోవాలన్నమాట.

గురిగింజలో ఇరవయ్యో వంతు

వెయ్యి గజాలంటే ఎంత దూరం? చార్మినార్ దగ్గర నిలబడి పత్తర్‌గట్టీ మీదుగా నడిస్తే మదీనా సర్కిల్ దాటాక గానీ వెయ్యి గజాలు పూర్తికావు. అంత దూరంలో ఉన్న లక్ష్యం మీద పది పాయింట్ల వలయం కొన్ని పోటీల్లో 10 అంగుళాలే. బుల్లెట్ సెకనుకు 900 మీటర్ల వేగంతో బయలుదేరుతుందనుకుందాం. రెండు తూటాల మధ్య వేగంలో 6 మీటర్ల తేడా వచ్చినా, అంత దూరం పోయేసరికి ఒకటి ఇంకొకదానికంటే అరజానెడుకు పైగా కిందికి దిగుతుంది. షూటర్ చెయ్యి వణక్కపోయినా, గాలి వీయకపోయినా సగం వలయం అక్కడే పోయింది.

అందుకే దూరపు పోటీల షూటర్లలో చాలామంది ఫ్యాక్టరీ తూటాలతో సరిపెట్టుకోరు. కాల్చేసిన ఇత్తడి కేసులను ఏరి, శుభ్రం చేసి, పొడవు సరిచేసి, బరువు చూసి వర్గాలుగా విడదీస్తారు. మందును గ్రెయిన్లలో తూస్తారు. గ్రెయిన్ అంటే 0.065 గ్రాము, మన గుల్జార్ హౌజ్ కంసాలులు ఒకప్పుడు బంగారం తూచిన గురిగింజలో సగం కంటే కాస్త ఎక్కువ. అందులోనూ పదో వంతు తేడా రాకూడదని వీరి పట్టుదల. అంటే దాదాపు గురిగింజలో ఇరవయ్యో వంతు. బుల్లెట్ కేసులోకి ఎంత లోతు దిగాలో కూడా ప్రతిదానికీ ఒకేలా ఉండాలి. ఒక్కో రకాన్ని కొద్దికొద్దిగా మార్చి కాల్చి చూసి, వచ్చినది పుస్తకంలో రాసుకుని, తమ రైఫిలుకు ఏది నప్పుతుందో నెలల తరబడి వెతుకుతారు. ఎక్కువ బలం కావాలని ఎవరూ వెతకరు. వందో తూటా మొదటి తూటాలాగే పోవాలి, అంతే.

మన బడి సైన్సు ల్యాబులో త్రాసు ముందు నిలబడ్డవారికి ఇది కొత్త కాదు. తూనికరాళ్లను చేత్తో ముట్టకూడదు, పట్టకారుతోనే ఎత్తాలి, ముల్లు నిలకడకు వచ్చేదాకా ఊపిరి బిగబట్టాలి, మూడుసార్లు తూచి సగటు తియ్యాలి. మాస్టారు అన్నిసార్లు ఎందుకు తూయిస్తున్నారో అప్పుడు మనకు అర్థం కాలేదు.

ఒక హెచ్చరిక తప్పనిసరి. మన దేశంలో 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం నేరం. పైగా కొలత తప్పితే గొట్టమే పగిలి మనిషి ప్రాణం మీదికి వస్తుంది. తెలిసినవారి పర్యవేక్షణలో, చట్టం ఒప్పుకున్న చోట మాత్రమే సాగే విద్య ఇది.

పతకం తెచ్చిన తూకం

మన నగరంలో ఈ విద్య మరో రూపంలో వెలిగింది. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2003లో ఇక్కడే జరిగిన ఆఫ్రో-ఆసియా క్రీడల్లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ స్వర్ణం గెలిచాడు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో అదే ఈవెంట్‌లో 701.1 పాయింట్లతో కాంస్యం తెచ్చాడు. రజతం గెలిచిన షూటర్‌కు వచ్చింది 701.5. డెబ్బై గుళ్లు కాల్చాక తేడా 0.4. ఎయిర్ రైఫిల్ లక్ష్యం నడుమ పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరే.

ఇందులో మందు ఉండదు, గాలి ఒత్తిడితోనే సీసపు గుండు వెళుతుంది. 50 మీటర్ల రైఫిల్‌లో వాడే చిన్న తూటాను తిరిగి నింపడం షూటర్ చేసే పని కాదు. మరి తూకం ఎక్కడుంది? ఎంపికలో ఉంది. ఒకే ఫ్యాక్టరీ, ఒకే అచ్చు అయినా ఒక్కో విడత సరుకు ఒక్కోలా ఉంటుంది. గొట్టాన్ని కదలకుండా బిగించి, విడత తర్వాత విడత కాల్చి, అన్నిటికంటే దగ్గరగా గుంపు కట్టిన సరుకునే పోటీకి దాచుకుంటారు. గోల్కొండ సిపాయి తన తుపాకీకి తగిన అచ్చును ఎంచుకున్నట్టే, ఈనాటి షూటర్ తన గొట్టానికి తగిన విడతను ఎంచుకుంటున్నాడు. నారంగ్ పెట్టిన అకాడమీలో శిక్షణ పొందిన ధనుష్ శ్రీకాంత్ వినికిడి లోపాన్ని లెక్కచేయక బధిరుల ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచాడు. గచ్చిబౌలి రేంజిలో ఇప్పుడు మన పిల్లల వయసువారు వరుసలో నిలబడి కాలుస్తున్నారు.

కంచన్‌బాగ్ వైపు క్షిపణుల సంస్థల్లో, మిధానిలో పనిచేసి రిటైరైన మన పూర్వ విద్యార్థులు ఈ వ్యాసం చదివితే నవ్వుకుంటారు. వందో ముక్క మొదటి ముక్కలాగే ఉండాలన్నది వారి ఉద్యోగమంతా పట్టుకున్న నియమం.

ఇంత చరిత్ర ఉన్నా, తోప్ కా సాంచా పక్కనుంచి రోజూ వెళ్లే వేలమందికి ఆ పేరెందుకు వచ్చిందో తెలియదు. మూసారాంబాగ్‌లో ఇల్లు కట్టుకున్నవారికి మూసారామ్ ఎవరో తెలియదు. ఆ గోడలు కూలితే కట్టించవచ్చునేమో గానీ, తెలిసిన మనిషి లేని పేరును నిలబెట్టలేం. ఈ స్వర్ణోత్సవ సంవత్సరంలో మన సంఘం తరఫున ఒక పని చేద్దామని నా మనవి. తొమ్మిదో తరగతి పిల్లలను ఒక ఆదివారం బస్సులో తీసుకెళ్దాం. ఉదయం మూసా బురుజు, మధ్యాహ్నం తోప్ కా సాంచా, సాయంత్రం సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గది. మర్నాడు ల్యాబులో త్రాసు ముందు నిలబెట్టి, ఒకే వస్తువును మూడుసార్లు తూయిద్దాం. మిగతాది వాళ్లే అడుగుతారు.