అరిగినంతమేరకే: మోకాలి శస్త్రచికిత్స చరిత్ర



బండిచక్రమున ఒక్క ఆకు చెడినచో మనము చక్రమంతయు పారవేయము. చెడిన యాకును తీసి, గట్టి కఱ్ఱతో మఱియొకటి బిగించి బండి తోలుకొందుము. ఈ వివేకము మోకాలి శస్త్రచికిత్సలో వేరూనుటకు ఇంచుమించు నూఱేండ్లు పట్టినది. ఆ చరిత్రను నేడు మనవిచేసెదను.

మోకాలు ఒక్క కీలువలె కనబడినను అందు మూడు తావులు కలవు. తొడయెముకయు ముంగాలి యెముకయు లోపలి వైపున నొకచోట, వెలుపలి వైపున నొకచోట కలిసికొనును. ముందువైపున చిప్ప తొడయెముకపై జాఱుచుండును. ఎముకల కొనలను నున్నని మృదులాస్థి కప్పియుండును. అది యరిగినచో ఎముకలు రాచుకొని బాధ పుట్టును. పెక్కుమందికి లోపలి వైపే మొదట నరుగును; అందుచే కాలు విల్లువలె వంగును.

1890లో బెర్లిను నగరమున తెమిస్తోక్లీస్ గ్లుక్ అను శస్త్రవైద్యుడు, క్షయచే చెడిన మోకాలిని తీసి ఏనుగుదంతపు కీలు నమర్చెను. క్రిములు చేరుటచే ఆ ప్రయత్నము నిలువలేదు. 1950 తరువాత అమెరికాలో మెకీవరును, కెనడాలో మాకింటాషును అరిగిన వైపున మాత్రమే ముంగాలి యెముకపై బిళ్ల నమర్చి చూచిరి. 1962లో ఇంగ్లండున జాన్ చార్న్‌లీ లోహమును, ప్లాస్టిక్కును, ఎముకను పట్టియుంచు సిమెంటును జతచేసి తుంటికీలును మార్చుటలో కృతకృత్యుడయ్యెను. ఆయనయొద్ద పనిచేసిన కెనడా వైద్యుడు గన్‌స్టన్, 1968లో ఆ పద్ధతిని మోకాలికి వర్తింపజేసెను. 1972లో అమెరికా వైద్యుడు మార్మర్ ఒక్క ప్రక్కనే మార్చు కీలును వాడుకలోనికి తెచ్చెను.

ఆక్స్‌ఫర్డు నగరమున గుడ్‌ఫెలో అను వైద్యుడును, ఓకానర్ అను ఇంజనీరును కలిసి, సహజమైన మోకాలిలోవలె కదలాడు ప్లాస్టిక్ బిళ్లగల కీలును నిర్మించిరి. 1982 నుండి దానిని లోపలి వైపు అరుగుదలకు వాడిరి. ఎముకలను బంధించియుండు సంధిబంధములను కోయకుండుటచే నడక సహజమునకు దగ్గఱగా నుండును.

అయితే 1989లో కొజిన్, స్కాట్ అను అమెరికా వైద్యులు ఒక నియమము చెప్పిరి: రోగి అఱువదియేండ్లు దాటియుండవలెను, బరువు 82 కిలోలకు మించరాదు, కాయకష్టము చేయువాడు కారాదు. ఇది నిర్హేతుకము కాదు. లోహమును ప్లాస్టిక్కును గూడ అరుగును. నలుబదియేండ్లవాడు దానితో మఱి నలుబదియేండ్లు నడువవలెను. కాని సంసారభారము మోయు వయసుననే కుంటువాడు, "నీకింకను వయసు రాలేదు" అను మాట విని యేండ్లకొలది బాధపడుట ధర్మమా? అట్టివారికి ఎముకను కోసి వంకరకాలిని సరిచేయు చికిత్స కొంతవఱకు దిక్కయ్యెను. నేటికిని కొందఱకు అదియే తగినది.

2011లో ఆక్స్‌ఫర్డు వైద్యులు తమ రోగుల ఫలితములను పరిశీలించి, వయసును బరువును మాత్రమే చూచి నిరాకరింప బనిలేదని ప్రకటించిరి. 2019లో బ్రిటనునందు 528 మంది రోగులపై జరిగిన పరీక్ష వెలువడినది. ఐదేండ్ల పిమ్మట, పూర్తిగా మార్చినవారికిని, కొంత మార్చినవారికిని ఫలితము ఇంచుమించు సమానముగ నుండెను. కొంత మార్చుటకు వ్యయము తక్కువయ్యెను.

ఇంకొక వైపును చూడవలెను. 2017లో వెలువడిన బ్రిటను లెక్కలప్రకారము, ఏబదియేండ్లు దాటిన తొలి సంవత్సరములలో మోకాలు పూర్తిగా మార్పించుకొన్న పురుషులలో నూటికి 35 మందికి జీవితకాలమున మరల శస్త్రచికిత్స అవసరపడవచ్చును. డెబ్బదియేండ్లు దాటినవారిలో నూటికి ఐదుగురికే. కొంత మార్చిన మోకాళ్లకు ఈ రెండవ చికిత్స ఇంకను ఎక్కువగా జరుగుచున్నది. అయితే అప్పుడు చాల యెముక మిగిలియుండుటచే పూర్తిగా మార్చుట తఱచు సులభము.

పెద్దలారా! మీ యింట వయసులోనున్నవాడు మోకాలు పట్టుకొని కూర్చున్నచో "వాతమే" యని త్రోసివేయకుడు; తొందరపడి కత్తికి నొప్పగింపకుడు. బరువు తగ్గించుట, తొడకండరములకు బలమిచ్చు వ్యాయామము మొదట చేయింపుడు. అప్పటికిని తగ్గనిచో వైద్యుని మూడు ప్రశ్న లడుగుడు: అరిగినది ఒక్క తావేనా? సంధిబంధములు గట్టిగా నున్నవా? ఇది కీలంతటిని వాపెక్కించు కీళ్లవాతము కాదుగదా? ఒక్క తావే యరిగి, బంధములు గట్టిగానుండి, ఆ వాతము లేనివానికే కొంత మార్చు చికిత్స తగును. నిర్ణయము అతని వయసును మాత్రమే కాక అతని మోకాలిని చూచి జరుగవలెను.